కుక్కపిల్లకు పట్టింది గజ్జేనా?

‘గజ్జికుక్క’ అనేది మన ఊళ్ళలో వినబడే తిట్లలో మహా చులకనైనది. మనిషిని ఆ మాటంటే తగాదా అవుతుంది. పెద్దమనుషులు కూర్చోవలసి వస్తుంది. నిజమైన కుక్కనే ఆ మాటంటే మాత్రం అడిగేవారుండరు. నష్టమంతా జరిగేది అక్కడే! కుక్కపిల్ల పొట్టమీద నాలుగు పొక్కులు కనబడగానే దానికి ‘గజ్జి’ అని పేరుపెట్టి, గోతంలో వేసుకుని పోయి, చెరువుకట్ట మీదనో సంతమైదానం అంచుననో వదిలి రావడం చాలామందికి అలవాటు. పెట్టిన పేరు తప్పు. వేసిన శిక్ష అంతకన్న పెద్ద తప్పు. పసి కుక్కపిల్లల పొట్టమీద వచ్చే పొక్కులు చాలాసార్లు గజ్జి కానే కావు. శుభ్రం, తిండి, రెండుమూడు వారాల శ్రద్ధ, ఈ మూడింటితో నయమయ్యే చిన్న జబ్బు అది.

హిందూపురం పక్కనున్న మా పరిగి ప్రాంతంలో కుక్క లేని వీధి వుండదు. గొర్రెలమంద వెంట కాపుకు ఒకటి, మల్బరీ తోటలో ఒకటి, కళ్ళం దగ్గర ఒకటి, ఎవరిదీ కాకుండా అందరిదీ అయినది ఇంకొకటి. వానకాలం ముగిసే రోజుల్లో ఇవి ఎక్కువగా ఎదకు వస్తాయి. రెండు నెలలు మోసి చలికాలంలో ఈనుతాయి. సంక్రాంతి వచ్చేసరికి ప్రతి సందులోనూ గుండ్రని పొట్టలు వేసుకుని పిల్లలు దొర్లుతూ వుంటాయి. బడిపిల్లలు తలా ఒకదాన్ని చంకన వేసుకుని ఇంటికి తెస్తారు. శివరాత్రి నాటికి వాటిలో కొన్నిటి పొట్టమీద పొక్కులు లేస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళ కంట పడేది అప్పుడే.

సరమ అడిగిన న్యాయం

మహాభారతం తెరవగానే మనకు ఒక కుక్కపిల్ల ఎదురవుతుంది. జనమేజయ మహారాజు యాగం చేస్తూ వుంటే ఆ పిల్ల ఆడుకుంటూ అటు పోయింది. రాజుగారి తమ్ములు దాన్ని కొట్టారు. అది ఏడ్చుకుంటూ పోయి తల్లికి చెప్పుకున్నది. ఆ తల్లి సామాన్యురాలు కాదు, సరమ అనే దేవశుని. ఆమె నేరుగా సభకు వచ్చి, ‘నా బిడ్డ చేసిన తప్పేమిటి?’ అని నిలదీసింది. అంతమంది పండితులున్న సభలో ఒక్కరికీ జవాబు లేకపోయింది. కారణం లేకుండా బాధించినవారికి అనుకోని భయం వచ్చిపడుతుందని చెప్పి సరమ వెళ్ళిపోయింది. నన్నయగారు ఆదిపర్వంలో చెప్పిన కథ ఇది. పొక్కులు పోసిన కుక్కపిల్ల తరపున గూడా మనం అడగవలసినది సరమ అడిగిన ప్రశ్నే: దాని తప్పేమిటి? ఇక ఆ ‘అనుకోని భయం’ ఈ కాలంలో ఏ రూపంలో వస్తుందో చివర మనవిచేస్తాను.

ఒక పేరు, నాలుగు జబ్బులు

తెలుగులో చర్మవ్యాధుల పేర్లకు కొరత లేదు. గజ్జి, చిడుము, తామర, సెగగడ్డ, చీముపొక్కు – దేనికదే వేరు. మనుషుల విషయంలో ఈ తేడాలు పాటిస్తాం. కుక్క దగ్గరికి వచ్చేసరికి అన్నీ కట్టగట్టి గజ్జి అనేస్తాం. అందువల్ల ఒకదానికి వాడవలసిన మందు ఇంకొకదానికి వాడతాం. ముందుగా వీటిని వేరు చేసుకుందాం.

మొదటిది చీముపొక్కులు. ఇవి సాధారణంగా రెండు మూడు నెలల పిల్లల నుంచి ఈడు రాని పిల్లల దాకా వస్తాయి. వెండ్రుకలు పలుచగా వుండే చోట్ల, అంటే పొట్ట అడుగున, గజ్జల్లో, చంకల్లో కనబడతాయి. ఆవగింజంత నుంచి జొన్నగింజంత దాకా వుండి, కొనన పసుపుపచ్చగా చీము మెరుస్తుంది. పైపొర చాలా పలుచన కనుక తగలగానే చిట్లిపోతుంది. తరువాత తేనెరంగు పక్కు కడుతుంది. దాని చుట్టూ చర్మం ఉంగరంలా పొట్టు లేస్తుంది. దురద వుండదు, వున్నా కొద్దిగా వుంటుంది. పిల్ల మాత్రం మామూలుగా తింటుంది, గంతులేస్తుంది. ఇది ఒక పిల్ల నుంచి ఇంకొక పిల్లకు అంటుకునే జబ్బు కాదు. ఒకే ఈతలో రెండు మూడింటికి వస్తే, అవన్నీ ఒకే తడిగోనె మీద పడుకుంటున్నాయని అర్థం.

రెండవది అసలైన గజ్జి. చర్మంలో సొరంగాలు తవ్వే, కంటికి కనబడనంత చిన్న పురుగు దీనికి కారణం. చెవుల అంచులు, మోచేతులు, వెనుక కాళ్ళ మడమలు ముందుగా చెడతాయి. దురద భయంకరంగా వుంటుంది. పిల్ల నిద్రపోదు, పగలూ రాత్రీ గోక్కుంటుంది. ఇది ఇతర కుక్కలకు అంటుతుంది. దాన్ని ఎత్తుకున్న మనుషులకు గూడా చేతుల మీద, నడుము చుట్టూ దురదపొక్కులు లేస్తాయి.

మూడవది వెండ్రుకల కుదుళ్ళలో కాపురముండే మరొక పురుగు తెచ్చేది. పుట్టిన మొదటి రోజుల్లో పాలు తాగేటప్పుడు తల్లి నుంచి పిల్లకు వస్తుంది. కొద్దికొద్దిగా అన్ని కుక్కల మీదా వుండేదే. పిల్ల నీరసించినప్పుడు పెచ్చుమీరి కళ్ళచుట్టూ, మూతి మీద, ముంగాళ్ళ మీద వెండ్రుకలు ఊడి బోడిమచ్చలు ఏర్పడతాయి. దురద తక్కువ, మనుషులకు అంటదు.

నాలుగవది తామర. ఇది బూజుజాతి జబ్బు. గుండ్రంగా వెండ్రుకలు ఊడి అంచున పొట్టు కనబడుతుంది. ఇది ఇంట్లో పిల్లలకు తప్పక అంటుకోగలదు.

ఈ నాలుగూ ఒకదానితో ఒకటి కలిసి గూడా వస్తాయి. గోక్కున్న చోట చీము పడితే గజ్జి గూడా చీముపొక్కులాగే కనబడుతుంది. కనుక చూపుతో తేల్చడం ఒక్కొక్కసారి డాక్టరుకే సాధ్యపడదు. చిట్లని పొక్కు నుంచి కొంచెం చీము గాజుపలక మీద తీసి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూస్తే సూక్ష్మజీవులు కనబడతాయి. చర్మాన్ని కొద్దిగా గీకి చూస్తే పురుగులు కనబడతాయి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు వెచ్చించకుండా వాడే మందు చీకట్లో విసిరిన రాయి.

ద్రాక్షగుత్తిలాంటి శత్రువు

ఈ చీముకు కారణమైన సూక్ష్మజీవిని 1880 ప్రాంతాల్లో స్కాట్లండు దేశపు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ సూక్ష్మదర్శినిలో చూశాడు. గుండ్రని బిందువులు గుత్తులు గుత్తులుగా వుండడంవల్ల, ద్రాక్షగుత్తికి గ్రీకుభాషలో వున్న మాటతో 1882లో దానికి స్టాఫిలోకాకస్ అని పేరుపెట్టాడు. ఆ 1880లోనే ఫ్రాన్సులో లూయీ పాశ్చరు సెగగడ్డల చీములో ఇలాంటి జీవులనే పట్టుకున్నాడు.

పాశ్చరు పేరు మా ప్రాంతానికి బొత్తిగా పరాయిది కాకూడదు. 1865లో ఆయన ఫ్రాన్సు దక్షిణాన పట్టుపురుగులను చంపుతున్న తెగులు సంగతి తేల్చడానికి పూనుకున్నాడు. తరువాత కుక్కలవల్ల వచ్చే పిచ్చికుక్క రోగానికి 1885లో టీకా వేశాడు. పట్టుపురుగు, సెగగడ్డ, కుక్క – ఈ మూడూ ఒక్క మనిషి జీవితంలో కలిశాయి. హిందూపురం చుట్టుపక్కల ఆ మూడూ ఒక్క ఇంట్లోనే వుంటాయి! పట్టుగూళ్ళు పండించే రైతును అడిగి చూడండి: ఆకు తడిగా వున్నా, తట్టలు మురికిగా వున్నా, గదిలో ఉక్క నిలిచినా పంట పోతుందని ఆయన చెబుతాడు. ప్రతి పంటకూ ముందు గది కడిగి, సున్నం, బ్లీచింగు వాడి శుద్ధి చేస్తాడు. పురుగుల విషయంలో ఇంత తెలిసిన మనిషి, తన వసారాలో కుక్కపిల్ల తడిగోనె మీద పడుకున్నదని గమనించడు. రెండింటికీ సూత్రం ఒకటే.

కుక్కల చర్మం మీద వుండే ముఖ్యమైన జాతికి 2005లో శాస్త్రజ్ఞులు స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ అని వేరుగా పేరుపెట్టారు. ఇక్కడొక విశేషం వున్నది. ఈ జీవి ఎక్కడినుంచో దండెత్తి వచ్చేది కాదు. ఆరోగ్యంగా వున్న కుక్క నోటిలో, ముక్కులో, ఆసనం దగ్గర ఎప్పుడూ వుంటుంది. ఇంటిమనిషే. చర్మం గట్టిగా వున్నంతకాలం బుద్ధిగా వుంటుంది. చర్మం నాని మెత్తబడినా, పురుగుకాటుతో చిల్లిపడినా, పిల్లకు తిండిలేక సత్తువ తగ్గినా అప్పుడు దొంగ అవుతుంది. కుక్క చర్మం పైపొర మన చర్మం కంటె పలుచన. పసిపిల్లకు మరీ పలుచన. కనుక పొక్కును చూడగానే ‘ఏ మందు?’ అని అడగడం కంటె ‘తలుపు తీసిందెవరు?’ అని అడగడం మేలు.

తలుపు తీసేవి

మూత్రంతో తడిసిన పడక మొదటిది. ఏలికపాములు రెండవది. ఇవి కుక్కపిల్లకు తల్లికడుపులో వుండగానే పట్టుకుంటాయి, పాలద్వారా గూడా వస్తాయి. కుండలాంటి పొట్ట, పైకి తేలిన ఎముకలు, గరుకు వెండ్రుకలు దీని గుర్తులు. గొర్రెలకు నట్టలమందు తాగించడం తెలిసినవారికి కుక్కపిల్లకు గూడా నట్టలమందు వుంటుందని గుర్తుచేస్తే చాలు. రెండు వారాల వయస్సు నుంచి పదిహేను రోజులకొకసారి మూడు నెలల దాకా, తరువాత ఆరు నెలల దాకా నెలకొకసారి ఇప్పించాలి. అయితే గొర్రెలమందు సీసా నుంచి అంచనాగా పోయకూడదు. కుక్కకు వేరే మందు, బరువును బట్టి మోతాదు.

మూడవది పిడుదులు, వెండ్రుకల్లో గెంతే నల్లపురుగులు. ఇవి కుట్టినచోట గోక్కుంటే చర్మం చిట్లుతుంది. నాలుగవది తిండి. చాలా ఇండ్లలో కుక్కపిల్లకు మిగిలేది చారుమెతుకులు, సంగటిముద్ద అడుగు. అది కడుపు నింపుతుందేగాని చర్మాన్ని కట్టదు. సంగటిలో ఉడికించిన గుడ్డో, ముల్లు తీసిన చేపో, నాలుగు మాంసపు ముక్కలో కలిపితే చాలు. ఉల్లిపాయ కలిసిన కూర పెట్టకూడదు. అది కుక్కల నెత్తురును చెరుపుతుంది.

ఇంట్లో చేయదగినవి

పొక్కులు పదీ పదిహేను వుండి, పిల్ల హుషారుగా వుంటే వైద్యం సులభం. పాత గోనెసంచి పారవేసి, ఉతికి ఎండబెట్టిన పాత నూలుచీర మడతపెట్టి వేయండి. రోజూ మార్చండి. క్లోర్‌హెక్సిడిన్ అనే మందు కలిసిన, కుక్కలకోసం తయారైన షాంపూ పశువుల మందులషాపుల్లో దొరుకుతుంది. నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళు మందున్నది డాక్టరును అడిగి తీసుకోండి. గోరువెచ్చని నీళ్ళతో పిల్లను తడిపి, షాంపూ మెల్లగా రాసి, పది నిమిషాలు అట్లాగే వుంచాలి. ఈ పది నిమిషాలే వైద్యం. రాసిన వెంటనే కడిగేస్తే డబ్బు నీళ్ళపాలు. కళ్ళలో, చెవుల్లో పడనివ్వకూడదు. తరువాత బాగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండపొడలో ఆరనివ్వాలి. వారానికి రెండుమూడుసార్లు చేస్తే చాలు. రెండు నెలలు నిండని పిల్లకు స్నానం వద్దు, చలి పట్టుకుంటుంది. డాక్టరు చెప్పిన ద్రావకంలో ముంచిన దూదితో పొట్ట తుడిస్తే సరిపోతుంది.

పొక్కులను గిల్లకూడదు, నొక్కకూడదు. చీము లోపలికి పోతే పైపైన వున్న జబ్బు లోతు పుండు అవుతుంది. తాకిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లల మోకాళ్ళ మీద పుండ్లుంటే వాటిని కుక్కపిల్ల నాకకుండా చూసుకోవాలి.

చేయరానివి

వాడేసిన ఇంజను ఆయిలు పూయడం మన వైపు పెద్ద వైద్యంగా చలామణీ అవుతున్నది. కుక్క తన ఒంటిమీద పూసినదంతా నాకుతుంది. అంటే ఆ మురికినూనె కడుపులోకి పోతుంది; కాలేయానికి, మూత్రపిండాలకు విషం. కిరసనాయిలు, ఫినాయిలు పలుచని చర్మాన్ని కాలుస్తాయి. వేరుశనగకూ మల్బరీకీ కొట్టే పురుగులమందు కుక్కపిల్ల మీద చల్లితే పిడుదులతోపాటు పిల్ల గూడా పోతుంది. పసుపు, వేపాకునీళ్ళు అంత హానికరం కాకపోయినా, వాటిని నమ్ముకుని నెల గడిపితే చిన్న జబ్బు ముదురుతుంది.

ఇంకొక ప్రమాదం మనుషుల మందులషాపు నుంచి వస్తుంది. తామరకు అని అడిగితే చేతిలో పెట్టే గొట్టపు ఆయింట్‌మెంట్లలో చాలావాటిలో స్టెరాయిడు కలిసి వుంటుంది. అది రాయగానే ఎరుపు తగ్గుతుంది, ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. అడుగున చర్మపు కాపుదల తగ్గి, గజ్జిపురుగుకూ, బూజుకూ, చీముకూ స్వేచ్ఛ దొరుకుతుంది. పదిరోజులకు జబ్బు రెట్టింపై తిరిగివస్తుంది.

మాత్రలు ఎప్పుడు?

చీముపొక్కులు పొట్ట దాటి వీపుకు, కాళ్ళకు పాకినా, లోతుగా పుండ్లు పడినా డాక్టరు లోపలికి మందు ఇస్తారు. సెఫలెక్సిన్, అమాక్సిసిలిన్‌తో క్లావులానిక్ ఆమ్లం కలిసినది, క్లిండామైసిన్ వంటివి ఈ కోవలోవి. పైపై జబ్బుకు వీలైనంతవరకు షాంపూ, పూతమందులతోనే సరిపెట్టమనీ, మాత్రలు మొదలుపెడితే రెండు వారాలకు పిల్లను తిరిగి చూసిన తరువాతే ఆపడమో సాగించడమో నిర్ణయించమనీ ఇటీవలి పశువైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఏ మందైతేనేం అనుకోకూడదు. ఎన్రోఫ్లాక్ససిన్ జాతి మందులు ఎదిగే కుక్కపిల్లల కీళ్ళలోని మృదులాస్థిని చెరుపుతాయి. టెట్రాసైక్లిన్ జాతి మందులు ఎదిగే పళ్ళకు పసుపురంగు పట్టిస్తాయి. ఈ రెండవ జాతిలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆ మందు వెనుక, అక్కడ పరిశోధనలకు అధిపతిగా వున్న మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారి చేయి వున్నది. అంత గొప్ప మందు గూడా అందరికీ అన్ని వేళలా పనికిరాదు. అది మందు లోపం కాదు, వాడేవాడికి వుండవలసిన వివేకం.

అనుకోని భయం

ఇప్పుడు సరమ మాటకు వద్దాం. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లండనులో ఈ ద్రాక్షగుత్తి జీవులనే పళ్ళేల్లో పెంచుతుండగా, ఒక పళ్ళెంలో బూజు పడి దాని చుట్టూ వున్నవి చచ్చిపోవడం చూశాడు. పెన్సిలిన్ కథ అక్కడ మొదలైంది. ఆయనే 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ, చాలీచాలని మోతాదులో మందు వాడితే సూక్ష్మజీవులు దానికి తట్టుకోవడం నేర్చుకుంటాయని హెచ్చరించాడు. ఆ మాట ఎంతోకాలం పట్టకుండానే నిజమైంది. చీముజీవులు పెన్సిలిన్‌ను విరగగొట్టే రసాన్ని తయారుచేసుకున్నాయి. 2000 తరువాతి సంవత్సరాల్లో కుక్కలలోని ఈ జాతి ఇంకొక ఎత్తు వేసింది: మందు వచ్చి పట్టుకోవలసిన చోటునే మార్చుకున్నది. దానితో సెఫలెక్సిన్ మొదలైన మందులు పనిచేయని చీము అనేక దేశాల్లో వ్యాపించింది.

ఇదంతా మనకెందుకు అనిపించవచ్చు. షాపులో నాలుగు మాత్రలు కొని, రెండు రోజులు వేసి, పొక్కు ఎండగానే మిగిలిన రెండూ గూట్లో దాచే ప్రతి ఇల్లూ ఆ జీవికి ఒక బడి. బలహీనమైనవి చస్తాయి, గట్టివి మిగిలి పిల్లలు పెడతాయి. మరుసారి వచ్చే చీముకు ఆ మందు చాలదు. కుక్క మీద వున్నది ఇంట్లో మనుషుల మీదికి గూడా, అరుదుగానైనా, రాగలదు. అందుకే వైద్యుడు చెప్పినన్ని రోజులూ, చెప్పినంత మోతాదులో వేయాలి. రెండు కోర్సులకు లొంగకపోతే చీమును పెంచి, ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చేయించాలి. స్థానికంగా వీలుకాకపోతే 1955లో ప్రారంభమైన తిరుపతి పశువైద్య కళాశాల వంటి పెద్ద ఆసుపత్రులున్నాయి.

ఆలస్యం చేయరాని గుర్తులు

పొట్టమీద పొక్కులతోపాటు కళ్ళలో పుసి, ముక్కులో చీమిడి, దగ్గు, విరేచనాలు వుంటే అది డిస్టెంపరు కావచ్చు. అప్పుడు పొక్కు ఒక గుర్తు మాత్రమే. ప్రాణాపాయం వేరే వున్నది. మూతి, కనురెప్పలు, చెవులు వాచి, గొంతుకింద గడ్డలు కట్టి పిల్ల తిండి మానేస్తే అది ఇంకొక జబ్బు. చీములాగే కనబడుతుందిగాని దానికి మూలం సూక్ష్మజీవి కాదు. ఆ గడ్డలను కోయకూడదు. సరైన మందు త్వరగా పడకపోతే మూతిమీద మచ్చలు జీవితాంతం మిగులుతాయి. ఇటువంటివి కనబడితే మధ్యాహ్నమా సాయంత్రమా అని చూడకుండా పశువైద్యశాలకు తీసుకుపోవాలి.

పొక్కులకోసం డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడే టీకాల సంగతి అడగండి. డిస్టెంపరు, పార్వో జబ్బులకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి నాలుగు నెలలు నిండేదాకా విడతలుగా వేస్తారు. పిచ్చికుక్క రోగానికి మూడు నెలలకు వేస్తారు. ఎంత పసిపిల్లయినా పన్ను దిగినా గోరు గీరినా, పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళి తీరాలి. ముద్దు వేరు, జాగ్రత్త వేరు.

పొక్కులు తగ్గిన కుక్కపిల్ల ఏడాదికి ఇంటికాపు అవుతుంది. చీకటిలో పాము కనబడితే మొరుగుతుంది. మంద వెంట తోడేలు పడితే ఎదురు నిలుస్తుంది. అంతటి కాపుకు మనం పెట్టవలసిన పెట్టుబడి ఒక పొడిగుడ్డ, ఒక షాంపూ సీసా, వారానికి రెండుసార్లు పది నిమిషాలు. ఇక ముందు ఎవరైనా మీ వాకిట్లో కుక్కపిల్లను చూసి ‘గజ్జి’ అంటే, దాన్ని గోతంలోకి ఎత్తేముందు వెల్లకిలా తిప్పి పొట్ట చూడండి. పేరు సరిగా పెడితే సగం వైద్యం జరిగినట్టే.